జెండా పండుగ - నీటిరంగులు

సరదాకు నీటిరంగులు వేసే చిత్రకారుణ్ణి జాతీయ పండుగ ఊరిస్తుంది. జెండా, స్తంభం, వరుసగా నిలబడ్డ పిల్లలు - గంటలో బొమ్మ పూర్తవుతుంది. అయితే బొమ్మలో ఉత్సవం ఉంటే చాలదు. ఆ ఉత్సవం ఎవరిదో కూడా తెలియాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1947 ఆగస్టు 15న ఈ జిల్లాలు నిజాం పాలనలోనే ఉన్నాయి. 1948 సెప్టెంబరు 17న ఆ పాలన ముగిసింది. నల్లగొండ పల్లెల్లో రైతాంగ పోరాటం మాత్రం 1951 దాకా సాగింది. ఆ సెప్టెంబరు 17నే ఒకరు విమోచన అన్నారు, ఒకరు సమైక్యత అన్నారు, 2024లో ప్రజాపాలన అన్నారు. పేర్లు పెట్టేది పాలకులు. ఆనాడు కూడా కూలికి పోయే మనిషిని చూడవలసింది చిత్రకారుడు.

అలా చూసినవారున్నారు. 1938లో హరిపురా కాంగ్రెస్ మహాసభకు నందలాల్ బోస్ వేసిన బొమ్మల్లో రైతులు, వడ్రంగులు, వాద్యగాళ్లు కనబడతారు. జాతి అంటే వీళ్లేనని ఆ బొమ్మలే చెబుతాయి.

నీటిరంగుల్లో సాధారణంగా తెలుపు పూయరు, కాగితాన్నే వదిలేస్తారు. జెండాలోని తెలుపుకు అది సరిపోతుంది. బొంబాయి బస్సెక్కిన పాలమూరు కూలీ చోటును కూడా అలాగే ఖాళీగా వదిలేస్తే ఆ లోపం చేతిది కాదు, దృక్పథానిది. తీరిక వేళ కుంచె పట్టినవాడికీ ఈ బాధ్యత తప్పదు. ఎవరూ డబ్బిచ్చి వేయించని బొమ్మలో నిజం చెప్పడానికి అతనికే ఎక్కువ వీలుంది.