నారింజ పొర వెనక పసుపు చీర

సి.బెళగల్‌లో గానీ, ఎమ్మిగనూరు, ఆదోని వీధుల్లో గానీ పాత ఇనప పెట్టెల అడుగున ఓ కాగితపు కవరు ఉంటుంది. పైన స్టూడియో పేరు, లోపల నాలుగైదు బొమ్మల చొప్పున కత్తిరించిన ఫిల్మ్ ముక్కలు. ఉరుకుంద ఈరన్న దర్శనం, మంత్రాలయం మొక్కు, కొత్త ట్రాక్టరుకు పూజ, పెళ్లిలో తలంబ్రాలు. ఫోన్ కెమెరాలు రాకముందు ఇంటింటి చరిత్ర ఎక్కింది ఈ ముక్కల్లోకే. ఆల్బమ్‌లో ఫోటోలు వెలిసిపోతున్నాయి, అట్టలకు అంటుకుపోతున్నాయి. నెగటివ్‌లను మాత్రం ఎవరూ తీసి చూడరు.

చూడాల్సింది వాటినే. ప్రింటు వేసేటప్పుడు ల్యాబులో బొమ్మ అంచులు కొంత పోయేవి. ఎండ పడ్డ ముఖాలు, తెల్ల బట్టలు కాగితం మీద వట్టి తెలుపుగా మిగిలేవి. ఆ అంచులూ, ఆ బట్టల మడతలూ నెగటివ్‌లో చాలావరకు అలాగే ఉంటాయి. వాటిని రాబట్టే పని ఇప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందు నెగటివ్ అంతటా కనిపించే నారింజ రంగు సంగతి తెలియాలి. అది మురికి కాదు, ఫిల్మ్ పాతబడటం వల్ల వచ్చిందీ కాదు, తయారీలోనే పెట్టింది. కలర్ ఫిల్మ్‌లో నీలి వెలుగు పడ్డచోట పసుపు, ఆకుపచ్చ వెలుగు పడ్డచోట మెజెంటా, ఎర్ర వెలుగు పడ్డచోట సయాన్ రంగులు ఏర్పడతాయి. ఇవి స్వచ్ఛమైనవి కావు. మెజెంటా తన వాటా కాని నీలాన్ని కొంత, సయాన్ తన వాటా కాని ఆకుపచ్చను, నీలాన్ని కొంత మింగేస్తాయి. దీనికి విరుగుడుగా, ఆ రంగులు ఏర్పడని చోట అంతే మోతాదులో పసుపు, గులాబి ఛాయలు మిగిలేలా ఫిల్మ్‌ను తయారు చేశారు. దాంతో తప్పు ఫిల్మ్ అంతటా ఒకే తీరుగా పరుచుకుంటుంది. ఒకే తీరుగా ఉన్న తప్పును ఒక్క దెబ్బకు తీసేయవచ్చు. కొడాక్ 1972లో తెచ్చిన సి-41 పద్ధతిలోనే ఫ్యూజీ, కోనికా ఫిల్ములను కూడా కడిగేవారు. కాబట్టి మన ఇళ్లలోని రీళ్లకు దాదాపు అన్నిటికీ ఇదే సూత్రం. నారింజ ఛాయ మాత్రం కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది.

స్కానింగ్‌కు రెండు దారులు. మొదటిది ఫ్లాట్‌బెడ్ స్కానర్. దాని మూతలో కూడా లైటు ఉండాలి. జిరాక్సు షాపుల్లోని మామూలు స్కానర్ పనికిరాదు. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఫ్రేమును అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి. గోడకు తగిలించే ఫోటోకు అది చాలు. రెండోది కెమెరా, మాక్రో లెన్సు, కింద తెల్లని ఎల్‌ఈడీ పలక. ఫిల్మ్‌లో మెరిసే వైపు కెమెరాకు ఎదురుగా, మసక వైపు లైటుకేసి ఉండాలి. అప్పుడు అంచున ఉన్న అక్షరాలు తిన్నగా చదవొచ్చు. రా (RAW) ఫైలుగా తీయాలి. నారింజ పొర నీలి వెలుగును అడ్డుకుంటుంది గనక, ఫిల్మ్‌లో లేత భాగాలు పూర్తిగా తెల్లబడిపోని మేరకు వెలుగు ఎక్కువే ఇవ్వాలి. ఫోన్‌తో సరిపెట్టుకునేవాళ్లు ఫిల్మ్‌ను తెల్ల స్క్రీన్ మీద నేరుగా పెట్టకూడదు, స్క్రీన్ చుక్కలు బొమ్మలో పడతాయి. మధ్యలో పాలరంగు ఆక్రిలిక్ ముక్క ఉంచి కాస్త ఎత్తులో పట్టుకోవాలి.

అసలు పని ఆ తర్వాత. రంగులు తిరగేసే యాప్‌లో వేస్తే ముఖాలన్నీ నీలంగా తేలతాయి, నారింజ పోలేదు కనుక. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో నెగడాక్టర్ అనే పనిముట్టు ఉంది. రెండు ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ పట్టీని చూపించి, ఇదే ఈ ఫిల్మ్ సొంత రంగు అని ముందు దానికి చెప్పాలి. ఆ రంగును లెక్కలోంచి తీసేశాక బొమ్మను తిరగేస్తుంది. ఆ కొలత ఆ రీలంతటికీ పనికొస్తుంది.

తలంబ్రాల ఫ్రేము తీసుకుందాం. దాని నిండా పసుపే: పసుపు నీళ్లలో ముంచిన చీర, పంచె అంచు, బియ్యం. ఆటో మీట నొక్కితే, ఫ్రేము మొత్తం సగటున బూడిదరంగు కావాలన్న లెక్కతో సాఫ్ట్‌వేర్ నీలం కలుపుతుంది. చీర సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది, నల్లటి జుట్టుకు నీలి మెరుపు వస్తుంది. ఆటోను నమ్మకుండా అదే ఫ్రేములో నిజంగా రంగులేని చోటు వెతకాలి. తెల్ల పంచె మీద క్లిక్ చేయాలని చెయ్యి లాగుతుంది. వద్దు, దానికి నీలిమందు పెట్టి ఉంటారు, లేదా పసుపు మరక తగిలి ఉంటుంది. అరుగు మీది సిమెంటు మేలు. దాన్ని బూడిదరంగుకు తెస్తే చీర తన పసుపుకు తాను వస్తుంది. ఆ తర్వాత కూడా అది నిమ్మపండు పసుపా, ముదురు పసుపా అన్నది యంత్రం తేల్చలేదు. పక్కన అవ్వను కూర్చోబెట్టుకోవాలి. ఆ చీర కట్టుకున్నది ఆమే కదా.

దుమ్ము మన నల్లరేగడి సీమకు పెద్ద బెడద. తడిగుడ్డతో గది తుడుచుకుని, రబ్బరు బుడ్డితో ఫిల్మ్ మీద గాలి కొట్టాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. ఇన్‌ఫ్రారెడ్ సాయంతో దుమ్మును గుర్తించి తొలగించే స్కానర్లున్నాయి. కలర్ నెగటివ్‌లకు అవి బాగా పనిచేస్తాయి, మామూలు నలుపు తెలుపు ఫిల్మ్‌లోని వెండి మాత్రం ఇన్‌ఫ్రారెడ్‌కు కూడా అడ్డుపడుతుంది.

ఇక నీళ్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది, మంత్రాలయమూ మునిగింది. నదీ తీరపు ఊళ్లలో ఇలాంటిది మళ్లీ జరగొచ్చు. ఫిల్మ్ మీది పొర జెలటిన్. తడిసి ఎండితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎండనివ్వకుండా శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి, మెల్లగా విడదీసి, నీడలో వేలాడదీయాలి. ఎండిపోయినవాటిని బలవంతంగా లాగితే బొమ్మే ఊడొస్తుంది.

చివరగా, స్కాన్‌ను టిఫ్ ఫైలుగా దాచి, రెండు చోట్ల కాపీ పెట్టి, బొమ్మలో ఉన్నది ఎవరెవరో పేర్లు రాసిపెట్టండి. స్కాన్ అయిందని నెగటివ్‌ను పారేయకండి. స్కాన్‌లోని రంగు ఇవాళ మనం ఇచ్చిన తీర్పు మాత్రమే. రేపు ఆ చీర రంగు గురించి అవ్వకూ, పెద్దమ్మకూ వాదన వస్తే, మళ్లీ విచారణకు ఇంట్లో మిగిలే సాక్షి ఆ నెగటివ్ ముక్కే.