గొల్లపల్లి చెవి

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో పనస దుంగ వీణగా మారడం చూస్తుంటే ముచ్చటేస్తుంది. నాదం పలికే గుండ్రటి కుండ, పొడవాటి దండి, కొసన యాళి అనే పురాణ మృగం తల అన్నీ ఒకే మానులోంచి చెక్కుతారు. అందుకే అది ఏకాండి వీణ. బాడితతో, ఉలితో కుండను లోపల తొలుస్తారు. గోడ మందమైతే నాదం మూగబోతుంది, మరీ పలచనైతే చెక్క పగులుతుంది. ఆ మధ్యస్థం చేతికే తెలియాలి. దండి మీద మైనం పరిచి 24 ఇత్తడి మెట్లు నిలబెడతారు. తీగ మీటి, చెవి ఒగ్గి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటుతారు. 7 తీగల్లో 4 పాటకి, 3 తాళానికి. వైణికుడి వేలికి గమకం పలికేది ఆ ఓపిక వల్లే. ఈసారి వీణ కచేరీకి వెళ్తే, నాలుగు చప్పట్లు గొల్లపల్లి పేరున కూడా కొట్టండి.