పక్కవాద్యం పీట మీది వాగ్గేయకారులు

క్యాతగానచెర్లు పేరు ఈమధ్య బయటివాళ్ల నోట వినపడుతోందంటే అది సోలార్ పార్కు పుణ్యమే. పావగడ తాలూకాలో ఐదు ఊళ్ల మీదుగా 13,000 ఎకరాల్లో పరుచుకున్న ఆ 2,050 మెగావాట్ల పలకల కింద ఈ ఊరి చేలూ ఉన్నాయి. పటంలో చూస్తే కర్ణాటక, బోర్డుల మీద కన్నడం, ఇంట్లోనూ రచ్చబండ మీదా తెలుగు. తాలూకాకి దాదాపు చుట్టూతా ఆంధ్ర నేలే. ఇలాంటి సరిహద్దు ఊళ్లో కూర్చుని ఫిడేలు కథ చెప్పుకోవడం నాకు సబబుగానే తోస్తుంది, ఎందుకంటే ఈ వాద్యానికి హద్దురాళ్లు ఏనాడూ పట్టలేదు. తెలుగువాళ్లు ‘ఫిడేలు నాయుడుగారు’ అని ముద్దుగా పిలుచుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో పుట్టింది బెంగళూరులో, విద్య పంచింది విజయనగరంలో. గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణకు నేపథ్యగాయకుడిగా జాతీయ పురస్కారం తెచ్చినది కన్నడ చిత్రం ‘హంసగీతె’. ఆ కథ నడిచేది పావగడకి పొరుగునే ఉన్న చిత్రదుర్గంలో. ఇక మైసూరు చౌడయ్య సంగతి సరేసరి. మైకులు లేని సభల్లో చివరి వరసదాకా వినపడాలని మూడు తంత్రులకు జోడు తంత్రులు బిగించి ఏడు తంత్రుల ఫిడేలు పట్టారు. ‘త్రిమకుట’ ముద్రతో కృతులు కూడా కట్టారు.

ఫిడేలు పట్టిన చెయ్యే కృతులు కట్టడం వట్టి కాకతాళీయమని నేననుకోను. మనవాళ్లు విద్వాంసుణ్ణి ఒక గదిలో, వాగ్గేయకారుణ్ణి మరో గదిలో పెట్టి చూస్తారు. మధ్యలో తలుపు ఒకటుంది, దాని పేరు పక్కవాద్యం. ఆ మాట రుజువు చేసేందుకు ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారిని మించిన ఉదాహరణ నాకు కనపడదు.

ఆయన 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర గురుకులవాసం చేశారు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆపైన సాక్షాత్తు త్యాగయ్య. అదే గురువు దగ్గర, అదే కాలంలో బాలమురళి కూడా నేర్చుకున్నారు. 1948లో విజయవాడ ఆకాశవాణి మొదలైన ఏడాదే రామస్వామి అందులో చేరి 1986 దాకా పనిచేశారు. రేడియోలో నిలయ విద్వాంసుడంటే రోజుకో గాత్రం, రోజుకో శ్రుతి, రోజుకో బాణీ. నిన్న పాడినాయన ఒకటిన్నర శ్రుతి, ఇవాళ పాడే ఆవిడ అయిదు. బిరడాలు తిప్పి తంత్రులు కొత్త శ్రుతికి సరిచేసుకున్నట్టే చెవినీ సరిచేసుకోవాలి.

ఈ పని ఎంత కష్టమో తెలియాలంటే దగ్గరగా కూర్చుని చూడాలి. పాశ్చాత్యులు నిలబడి, గడ్డం కింద వాయులీనాన్ని ఇరికించుకుని వాయిస్తారు. మనవాళ్లు బాసింపట్టు వేసి కూర్చుంటారు. ఫిడేలు తల కుడిపాదం మీద ఆనుతుంది, అడుగుభాగం ఎడమ భుజానికి, ఛాతీకి తగిలి నిలుస్తుంది. బరువు మోసే పని తప్పడంతో ఎడమ చెయ్యి తంత్రి మీద పైకీ కిందికీ జారడానికి పూర్తిగా ఖాళీ అవుతుంది. కర్ణాటక సంగీతంలో గమకమంతా ఆ జారులోనే ఉంది. తోడిలో గాంధారం ఒక చోట నిలబడే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగే స్వరం. మెట్లు లేని ఫిడేలు పలక మీద వేలు ఆ ఊపును గొంతు పలికినట్టే పలికించగలదు. కమాను లాగడంలో ద్వారంవారు తెచ్చిన నిండుతనం, పొడుగు కమానులో సాహిత్యం విరగకుండా పలికించడం, ఇవన్నీ తర్వాతి తరాలకు అందాయి. 1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ భారతదేశం వచ్చినప్పుడు నాయుడుగారి వాదనం విని ముగ్ధుడయ్యాడు.

కచేరీలో గాయకుడు ఆలాపన ఎత్తుకుంటాడు. ఫిడేలు వెంటనే ఉండాలి, కానీ అర క్షణం వెనకే ఉండాలి. ముందుకు దూకితే అమర్యాద, బాగా వెనకబడితే అపశ్రుతి. గాయకుడు ఊపిరి తీసుకున్నప్పుడు ఆఖరి సంగతిని ఫిడేలు పట్టి నిలపాలి. తన వంతు వచ్చినప్పుడు రాగాన్ని గాయకుడు పాడిన దానికన్నా కాస్త పొట్టిగానే ముగించాలి. కల్పనస్వరాలకు వచ్చేసరికి లెక్కలు మొదలవుతాయి: ఆయన ఎంత లెక్కకు ఎత్తుగడ మీద దిగాడో, అంతే లెక్కకు, వేరే స్వరాలతో దిగాలి. ఆలోచించుకోవడానికి సమయం ఉండదు. అవతలివాళ్ల మనసులో సంగతి పుడుతుండగానే దాని రూపం పసిగట్టడం, దానికి జవాబు అప్పటికప్పుడు కట్టడం, ఇదే పక్కవాద్యం. ముప్పై, నలభై ఏళ్లు ఈ పని చేసినవాడికి రాగం లోపలి కీళ్లన్నీ చేతికి తెలిసిపోతాయి. కొత్త కృతి కట్టడమంటే అతనికి సాధన గదిలో కొత్తగా నేర్చుకునే విద్య కాదు, వేదిక మీద రోజూ చేస్తున్నదే.

రామస్వామి అలా కట్టినవాటిలో వందన, శ్రీదుర్గ అనే రాగాలూ, త్రినేత్రాది, వేదాది అనే తాళాలూ ఉన్నాయి. ఫిడేలు వాయించేవాడు తాళం కట్టడం ఏమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎడతెగకుండా మృదంగానికి ఎదురుగా కూర్చునేది అతనే.

బాలమురళిలో ఈ గుణం మరింత బాహాటంగా కనిపిస్తుంది. గాత్రంతో పేరు మోగకముందూ, మోగాకా కూడా ఆయన వయొలిన్, వయోలా వాయించారు. పెద్ద విద్వాంసుల పక్కన కూర్చున్నారు. వయోలా గొంతు బొంగురు, కింది తంత్రి ‘సి’. మగవాళ్ల ఒక శ్రుతికి అది ఏ బలవంతమూ లేకుండా ఒదుగుతుంది. టీనేజీ దాటకముందే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టి, ‘జనక రాగ మంజరి’ పేరుతో 1952లో అచ్చు వేయించారు. తాళాల్లో త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అని కొత్త వరస తెచ్చారు. చప్పుడయ్యే దెబ్బల మీదే గతిని మార్చడం దాని కిటుకు.

కానీ నన్ను పట్టి ఆపేది ఆయన కట్టిన లవంగి రాగం. స రి మ ద, నాలుగే స్వరాలు. పంచమం లేదు. ఇది గాయకుడికి ఒక లోటు మాత్రమే. ఫిడేలువాడికి అది పెద్ద సంగతి, ఎందుకంటే మన ఫిడేలు తంత్రులు స, ప, స, ప అని శ్రుతి చేస్తాం. పంచమం లేని రాగంలో నాలుగింట రెండు తంత్రులను విడిగా మోగనివ్వకూడదు. కమాను కాస్త పక్కకి ఒరిగితే చాలు, రాగంలో లేని స్వరం సభంతా వినపడుతుంది. దీనికి సరిగ్గా ఎదురు మహతి. స గ ప ని, ఇందులో పంచమం వెన్నెముక, రెండు పంచమ తంత్రులూ తెరిచే ఉంటాయి. అంతర గాంధారం, కైశికి నిషాదం కలిసేసరికి పాశ్చాత్యుల చెవికి అది వాళ్ల సెవెంత్ కార్డులా వినపడుతుంది. మూడే స్వరాల సర్వశ్రీ (స మ ప) మరో అడుగు. ఈ రాగాలు కట్టినవాడు తంత్రి వాద్యం మీద వేలు పెట్టి ఆలోచించినవాడని నాకు గట్టి నమ్మకం. గొంతుతో మాత్రమే ఆలోచించేవాడికి ఏ తంత్రి తెరవాలి, ఏది మూయాలి అన్న స్పృహ ఉండదు.

అప్పట్లో వీణ ఎస్. బాలచందర్ వంటివాళ్లు ఇవన్నీ కొత్త రాగాలేనా అని గట్టిగానే తగువులాడారు. స్వరాలు తగ్గిస్తే రాగం పుడుతుందా అన్నది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. నా లెక్కలో రాగానికి పరీక్ష ఒక్కటే: గంటసేపు విస్తరించినా అదే వాక్యం తిరగతిరగ రాకూడదు. మహతి ఆ పరీక్ష నెగ్గింది. మిగతావాటి సంగతి ఎవరికి వారు విని తేల్చుకోవాల్సిందే.

రామస్వామికి పద్మశ్రీ 2021లో వచ్చింది, అప్పటికి తొంభై అయిదో ఏడు. వేదిక మధ్యలో కూర్చున్నవాళ్లకు యాభైలోనే వచ్చే గుర్తింపు పక్క పీటకి చేరడానికి ఇంత ఆలస్యం. కరపత్రాల్లో గాయకుడి పేరు బొద్దుగా, ఫిడేలువారి పేరు సన్నగా వేసే అలవాటు ఇంకా పోలేదు. బాలమురళి పాత కచేరీ రికార్డింగులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. పక్కన రామస్వామి వాయించినది ఏదైనా దొరికితే, ఒకసారి గాత్రాన్ని వదిలేసి, ఫిడేలునే పట్టుకుని నెరవల్ దాకా వినండి. బాలమురళి సాహిత్యంలో ఒక మాటను సాగదీసి ఆగినచోట, ఆ ఆగిన క్షణంలో, కమాను ఏం చేస్తోందో చూడండి.