మానులో దాగిన మొక్క

దూలం కొనడానికి వెళ్లిన వడ్రంగి మొదట చూసేది ముడులు. ముడి ఉన్నచోట చిత్రిక తిన్నగా సాగదు, ఉలి పక్కకు జారుతుంది. ఇటలీ శిల్పి జుసెప్పే పెనోనే మాత్రం ఆ ముడుల కోసమే దూలాన్ని చూస్తారు.

ముడి అంటే మానులో కూరుకుపోయిన కొమ్మ మొదలు. చెట్టు ఏటా బెరడు కింద ఒక కొత్త పొర వేసుకుని లావెక్కుతుంది. లోపలి పొరలు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. మనం చేవ అని మెచ్చుకునేది ఆ పాత ఏళ్లనే. అంటే పదేళ్లప్పుడు సన్నగా నిలబడ్డ మొక్క అరవయ్యేళ్ల మాను లోపల అదే ఎత్తులో, అవే వంపులతో ఇప్పటికీ ఉంది. మిల్లులో నలుచదరంగా కోసిన దూలంలోనూ ఉంది. దాన్ని బయటికి తీయడమే పెనోనే పని.

కోసిన చివర దగ్గర వలయాలు లెక్కపెట్టి, ఎన్నో ఏటి చెట్టు కావాలో ముందు తేల్చుకుంటారు. ఆ ఒక్క వలయాన్నే నమ్ముకుని, దాని మీది పొరలన్నీ ఉలితో తీసుకుంటూ దూలం పొడవునా సాగుతారు. ముడి తగిలితే దాని చుట్టూ తొలిచి, ముడిని వదిలేస్తారు. అలా వదిలేసినవే చివరికి కొమ్మలై పొడుచుకొస్తాయి. ఒక్క దెబ్బ లోతుగా పడిందంటే ఒక ఏడు పోయినట్టే, మళ్లీ అతికేది కాదు. కాండం ఎటు వంగాలో, కొమ్మ ఎక్కడ రావాలో చెట్టు ఎప్పుడో తేల్చేసింది. శిల్పి సొంత ఊహకు చోటు తక్కువ. నాకు నచ్చేది ఆ అణకువే.

ఆయన 1947లో పీడ్‌మాంట్ కొండల్లోని గరెస్సియోలో పుట్టారు. మట్టి, రాయి, బొగ్గు, పాత గుడ్డల వంటి వాటితో పనిచేసిన కొందరు ఇటలీ కళాకారులకు 1967లో విమర్శకుడు జెర్మానో చెలాంత్ 'ఆర్తే పోవెరా', అంటే పేద కళ, అని పేరుపెట్టారు. పెనోనే ఆ గుంపులో చిన్నవారు. 1968లో సొంత ఊరి అడవిలో ఒక లేత చెట్టుకు తన చేతి అచ్చులో పోసిన లోహపు పిడికిలిని తగిలించారు. ఆ ఒక్కచోట తప్ప చెట్టు పెరుగుతూనే ఉంటుందన్నది ఆ పనికి పెట్టిన పేరు. మరుసటి ఏడు ఆయనకు 22 ఏళ్లు వచ్చాయి. ఒక దూలంలోంచి 22 ఏళ్ల వయసు నాటి చెట్టును వెలికితీశారు. ఈ పద్ధతికి అదే మొదలు.

అద్దంలా ప్రతిబింబించే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని దిగిన ఫోటోలు, 2012లో జర్మనీలోని కాసెల్‌లో డాక్యుమెంటా కళా ప్రదర్శనకు వెళ్లినవారు చూసిన, కొమ్మల మధ్య బండరాయిని మోసే కంచు చెట్టు, ఇలా ఇంకా చాలా చేశారు. వాటిలో చమత్కారం పాలు కాస్త ఎక్కువేమో. లండన్ టేట్ గ్యాలరీలో ఉన్న 12 మీటర్ల చెట్టు (1980–82) ముందు అవి నాకు తేలికగానే కనిపిస్తాయి. ఇందులో మొదలు దగ్గర కొంత దూలాన్ని చెక్కకుండా వదిలేశారు. సామిల్లు సరుకులోంచి చెట్టు లేచి నిలబడటం కళ్లకు కడుతుంది.

1999 డిసెంబరు తుఫాను ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ తోటలో వేల చెట్లను కూల్చింది. వాటిలో ఒక దేవదారు మానును పెనోనే తీసుకుని 2003 దాకా చెక్కారు. అదిప్పుడు టొరంటోలోని ఆంటారియో ఆర్ట్ గ్యాలరీలో ఉంది. బయటి ముతక బెరడు అలాగే ఉంది. పక్కనుంచి తొలిచిన నిలువు గూట్లో, పిల్లకొమ్మలతో సహా, ఆ చెట్టు చిన్ననాటి కాండం నిలబడింది. పైనా కిందా అది పెద్ద మానుతో ఇంకా అతుక్కునే ఉంది.