బాణం ఎటుంది?

2014 అక్టోబర్ 12న విశాఖలో ఉన్నవాళ్ళెవరూ ఆ ఆదివారాన్ని మరిచిపోరు. హుద్‌హుద్ తుపాను ఒక దిక్కు నుంచి వచ్చి మా కిటికీలను బాదింది. నడుమ కాసేపు గాలి నిలిచిపోతే, గండం గడిచిందనుకుని మా వీధిలో కొందరు బయటికి వచ్చేశారు. అది తుపాను కన్ను. తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. మేడ మీద గాలి దిక్కు చూపే గాలికోడి పెట్టాలన్న పట్టుదల నాకు ఆ రోజే పుట్టింది.

కోడి బొమ్మే కానక్కర్లేదు, బాణం చాలు. మొదటిసారి ముక్కుకూ తోకకూ ఒకే కొలత రేకులు బిగించి, సరిగ్గా నడిమిన ఇరుసు పెట్టాను. చూడముచ్చటగా ఉంది కానీ ఏ గాలికీ కుదురుగా నిలవలేదు. రెండు వైపులా గాలి ఒకేలా తోస్తుంటే అదెటు తిరుగుతుంది? బరువు ఇరుసుకు అటూ ఇటూ సమంగా ఉండాలి, వెడల్పు మాత్రం సమంగా ఉండకూడదు. వెడల్పాటి తోకను గాలి వెనక్కి నెట్టేస్తే, సన్నటి ముక్కు గాలికి ఎదురు నిలుస్తుంది. అందుకే ఈసారి తోకకు పెద్ద అల్యూమినియం రేకు వేసి, ముక్కు దగ్గర వలకు కట్టే సీసపు గుండు బిగించాను. ఇరుసుకు పాత సైకిలు ముందు చక్రం హబ్బు, దాన్నిండా గ్రీజు.

అసలు కష్టం ఉత్తరం పట్టుకోవడం. స్లాబులోని ఇనుప చువ్వలు దిక్సూచిని పక్కకు లాగుతాయి. పెళ్ళిలో అరుంధతితో పాటు చూపించే ధ్రువుణ్ణే నమ్ముకున్నాను. మా ఊరికి ఆ చుక్క దిగంతం నుంచి పద్దెనిమిది డిగ్రీల ఎత్తులోపే ఉంటుంది. రెండు దారాలకు రాళ్ళు కట్టి వేలాడదీసి, రెండు దారాలూ చుక్కా ఒకే గీతలోకి వచ్చేదాకా జరిపి, కింద సుద్దముక్కతో గీత గీశాను. పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు గాలిని సుడి తిప్పుతాయి కాబట్టి బాణం నిలిపిన గొట్టాన్ని వాటికి బాగా పైకి లేపాను.

ఏథెన్సులో రెండు వేల ఏళ్ళు దాటిన గాలుల గోపురం ఉంది. దానికి ఎనిమిది ముఖాలు, ముఖానికొక గాలిదేవుడి శిల్పం. పైన ఒకప్పుడు సముద్రదేవుడు ట్రైటన్ కంచు బొమ్మ తిరుగుతూ, వీచే గాలి ఎవరిదో కర్రతో చూపేదట. మనకూ ఎనిమిది దిక్కులున్నాయి, వాయవ్యం ఏకంగా వాయుదేవుడిదే. గోడ కట్టేటప్పుడు ఈశాన్యం ఎటో ప్రతి ఇంట్లో ఆరా తీస్తారు. ఈశాన్యపు గాలి ఏ వారం మొదలైందో కూడా అంత శ్రద్ధగా గమనించాలని నా కోరిక.

డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రం ఇప్పుడు మా ఇంట్లో అందరికీ వచ్చు. గాలికి వీపు పెట్టి నిలబడితే, మన ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. బాణం ఈశాన్యం చూపుతుంటే వాయుగుండం మనకు ఆగ్నేయాన, సముద్రంలో ఉన్నట్టు. బాణం మెల్లగా ఉత్తరం మీదుగా పడమరకు జరిగితే మనకు ఉత్తరంగా దాటిపోతున్నట్టు. రేడియో చెప్పే హెచ్చరికకు ఇది బదులు కాదు. ఆ హెచ్చరిక అర్థమయ్యేలా చేస్తుంది, అంతే.

మామూలు రోజుల్లో దాని పని చిన్నది. ఎండాకాలం ఎండ ముదిరేకొద్దీ ముక్కు సముద్రం వైపు తిరుగుతుంది, గాలికి చెమ్మ వస్తుంది. నిన్న పొద్దున్నే అమ్మ పిండి గిన్నె చంకన పెట్టుకుని మెట్ల కింద నుంచి అడిగింది, "బాణం ఎటుందిరా?" అని.

"ఇంకా పడమరకే ఉందమ్మా, వచ్చి ఒడియాలు పెట్టేయ్."