వెంట్రుకంత గాజు, చేతి నేర్పు

కొండగావ్‌లో డోక్రా పనివాళ్లు తేనెమైనాన్ని సన్నటి దారాలుగా తీసి మట్టి బొమ్మ చుట్టూ చుడతారు. ఆ మైనం కరిగిపోయిన చోటే ఇత్తడి నిండుతుంది కాబట్టి, దారం ఎక్కడ వంకరపోయినా ఆ వంకర లోహంలో మిగిలిపోతుంది. అదే బస్తర్‌లో ఇప్పుడు అంతే ఓపిక అడిగే పని ఇంకొకటి ఉంది, ఫైబర్ జాయింటు. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జంగ్లాలో ప్రధాని బస్తర్ ఇంటర్నెట్ ప్రాజెక్టు మొదటి దశను ప్రారంభించారు. ఏడు జిల్లాల అడవి దారుల వెంట పరిచిన ఆ తీగలో ప్రతి అతుకూ ఒకరి చేతి మీదుగా వచ్చిందే.

ఆ చేతిని దగ్గర నుంచి చూడాలి. పైపూత ఒలిచేస్తే మిగిలే గాజు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుగు నడిచే దారి సుమారు 9 మైక్రాన్లే. స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో చిన్న గీటు పెట్టి విరుస్తారు. విరిగిన ముఖం అద్దంలా నిటారుగా ఉండాలి. రెండు కొనలనూ మిషన్లో ఎదురెదురుగా పెడితే కరెంటు మెరుపు క్షణంలో కరిగించి కలిపేస్తుంది. తెరమీద వెలుగు నష్టం 0.02 డెసిబెల్స్ అని వస్తే అతుకు మీద రక్షణగా స్లీవు వేసి వేడిచేస్తారు. 0.1 దాటితే తెంచి మళ్లీ మొదటికి. ఎర్రటి దుమ్ములో, రోడ్డు పక్కన, ఆ రెండోసారి మొదలుపెట్టే నిబ్బరమే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే వెలుగుకు బడ్జెట్ ఉంది. వీధిలో ఒక తీగను 32 ఇళ్లకు చీల్చే స్ప్లిటరే సుమారు 17 డెసిబెల్స్ తినేస్తుంది. మిగిలిన కొద్దిపాటిలోనే కిలోమీటర్లూ, అతుకులూ, ప్లగ్గులూ సర్దుకోవాలి.

అయితే 100 ఎంబీపీఎస్ కనెక్షన్లో 40 వస్తే ఈ జాయింటునే తిట్టడం అన్యాయం. వెలుగు మైనస్ 27 డీబీఎం దగ్గరికి పడిపోతే లైను తెగుతూ వస్తుంది, సగం స్పీడుతో నిలకడగా నడవదు. నెమ్మది మొదలయ్యేది వేరేచోట. ఆ 32 ఇళ్లూ పంచుకునేది సుమారు 2.5 గిగాబిట్లు. అందరూ ఒక్కసారే లాగితే ఇంటికి 78 మెగాబిట్లే దక్కుతాయి. ప్రకటనలో ‘వరకు’ అన్న మాట అందుకే ఉంటుంది. ఊరి నుంచి బయటికి పోయే లింకు ఇరుకైతే రాత్రి తొమ్మిదికి అదీ ఉండదు. ఇంట్లోనేమో గోడలు దాటేసరికి వైఫై సగమవుతుంది. ఇక డౌన్‌లోడ్ తెర మీద 12 కనిపించిందని కంగారుపడనక్కర్లేదు. అక్కడ లెక్క మెగాబైట్లలో, బిల్లులో లెక్క మెగాబిట్లలో. 12ను ఎనిమిదితో గుణిస్తే 96.

అందుకే రూటర్‌కు లాన్ వైరు పెట్టి కొలవండి. ఇంటికొచ్చిన మనిషి పవర్ మీటరు మీద మైనస్ 20 డీబీఎం చూపిస్తే, అంత దూరం అతని తోటివాళ్లు కలిపిన గాజు తన పని తాను చేసినట్టే. అతను తీగను మరీ బిగించకుండా గుండ్రంగా చుట్టి, పెట్టెలో పెట్టి, మూత వేస్తాడు.