ముందు మిషన్, తర్వాతే క్యాసెట్టు

కాళేశ్వరంలో మా ఇంటి అటక మీద ఒక వీసీఆర్ ఉండేది. దాని పక్కనే పాత చీర ముక్కలో చుట్టిన ఒక క్యాసెట్టు. దాని మీద మా బాపు చేతిరాతలో ‘పుష్కరాలు 1991’ అని ఉంటుంది. ఆ ఏడు గోదావరి పుష్కరాలకు చుట్టాలంతా మా ఇంట్లోనే దిగారు. బాపు మంథని నుంచి వీడియో తీసేటాయన్ని పిలిపించాడు. స్నానాలు, పిండప్రదానాలు, గుడిలో ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలకు అభిషేకం, అన్నీ అందులో ఉన్నాయి. మా నాయినమ్మ కూడా ఉంది. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క టేపులోనే.

2022 జూలైలో గోదావరి, ప్రాణహిత ఒక్కసారే పొంగినప్పుడు అటక దాకా నీళ్లు రాలేదు, చెమ్మ మాత్రం వచ్చింది. వానలు వెలిశాక క్యాసెట్టు తీసి చూస్తే, పారదర్శకంగా ఉండే కిటికీలోంచి టేపు చుట్ట అంచున తెల్లటి బూజు కనిపించింది. వీసీఆర్, క్యాసెట్టు రెండూ సంచిలో పెట్టుకుని భూపాలపల్లిలో ఒక పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తున్నాడు. ఒకప్పుడు ఆయన చేతికి రాని వీసీఆర్ లేదంటారు.

“క్యాసెట్టు సంచిలనే ఉండనీ బిడ్డా. ముందుగాల మిషన్ సంగతి సూద్దాం” అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఆ పనితనమంతా ఉందని తర్వాత అర్థమైంది. చాలామంది వీసీఆర్ దొరగ్గానే తమ దగ్గరున్న పెళ్లి క్యాసెట్టే అందులో పెట్టి చూస్తారు. పాతికేళ్లు కదలని మిషన్ మొదట చేసే పని టేపును నమలడం. నలిగిన టేపును ఎవరూ మళ్లీ కొత్తది చేయలేరు.

1976లో జపాన్‌కు చెందిన జేవీసీ కంపెనీ ఈ వీహెచ్‌ఎస్ క్యాసెట్టు పద్ధతిని మార్కెట్లోకి తెచ్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌తో మన దేశంలో కలర్ టీవీ వచ్చాక దాని వెనకే వీసీఆర్ ఊళ్లలోకి చేరింది. కొనగలిగినవాళ్లు తక్కువ. టీవీ, వీసీఆర్ కలిపి ఒక రాత్రికి కిరాయికి తెచ్చి, వాకిట్లో పెట్టి, తెల్లారేదాకా మూడు నాలుగు సినిమాలు చూసేవాళ్లం. అంతగా వాడిన మిషన్లు తరచూ పాడయ్యేవి. ఆ చెడిపోయిన మిషన్లే బడిగా ఎందరో మెకానిక్‌లు విప్పి, చూసి, మళ్లీ బిగించి పని నేర్చుకున్నారు. ఆ విద్య ఉన్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. చివరి దాకా వీసీఆర్లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016లో ఆపేసింది. టేపులు నడిపే మిషన్లు కరువవుతున్నాయని, 2025 నాటికే చాలాచోట్ల టేపులను చూడటం కష్టమవుతుందని యునెస్కో 2019లో హెచ్చరించింది.

ఇక పని. కరెంటు వైరు పీకినా సరే, పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ఆయన మూత తీయగానే దాన్ని ఒక రెసిస్టర్ ద్వారా ఖాళీ చేశాడు. ఉబ్బిన చిన్న కెపాసిటర్లు మార్చాడు. ఆ తర్వాత రబ్బరు పని. వీసీఆర్ రోగాల్లో సగం రబ్బరువే. క్యాసెట్టు లోపలికి పోతుంది, టేపు చుట్టుకుంటుంది, రెండు సెకన్లలో మిషన్ ఆగి బయటికి నెట్టేస్తుంది. అందరూ హెడ్ పోయిందనుకుంటారు. నిజానికి రీలును తిప్పే చిన్న చక్రం మీది రబ్బరు గట్టిపడి జారుతుంటుంది. రీలు తిరగడం లేదని లోపలి సెన్సర్ గమనిస్తుంది, టేపు నలక్కుండా మిషన్ తనంతట తానే ఆగిపోతుంది. ఆయన ఆ రబ్బరు రింగును ఊడదీసి, లోపలి వైపు బయటికి తిప్పి మళ్లీ ఎక్కించాడు. సాగిన బెల్టు తీసి, దానికన్నా కాస్త చిన్నది వేశాడు. మైనంలా గడ్డకట్టిన పాత గ్రీజును తుడిచి, కొత్తది పలచగా రాశాడు.

నేను ఊపిరి బిగబట్టి చూసింది హెడ్ శుభ్రం చేసేటప్పుడు. వాలుగా కూర్చున్న ఆ మెరిసే డ్రమ్ వ్యాసం 62 మిల్లీమీటర్లు. మన దేశపు పద్ధతిలో సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. టేపు మాత్రం సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. అయినా డ్రమ్ వేగం వల్ల హెడ్ టేపు మీద సెకనుకు దాదాపు 5 మీటర్లు పరుగెడుతుంది. బొమ్మంతా ఏటవాలు గీతలుగా రాసి ఉంటుంది. ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు, వెంట్రుక కన్నా సన్నం. హెడ్ మొనలు ఫెరైట్‌వి, గాజులా పెళుసు. అందుకే దూది పెట్టకూడదు, పోగులు చిక్కి మొన విరుగుతుంది. పైకీ కిందికీ రుద్దకూడదు. తెల్ల కాగితం ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్‌కు ఆనించి, ఆ చేయి కదలకుండా, రెండో చేత్తో డ్రమ్‌నే మెల్లగా తిప్పాలి. కాగితం మీద గోధుమరంగు చారలు పడ్డాయి.

అరిగిపోయిన ఏదో సినిమా క్యాసెట్టుతో రెండు రోజులు మిషన్‌ను పరీక్షించాడు. టేపు అంచులు మడత పడుతున్నాయా అని దీపం పెట్టి చూశాడు. పై అంచులో శబ్దం ఉంటుంది, కింది అంచులో బొమ్మను నిలబెట్టే గుర్తులుంటాయి. ఏ అంచు నలిగినా నష్టమే.

మా క్యాసెట్టుకు వేరే వైద్యం. బూజు ఉన్న టేపును మంచి మిషన్‌లో పెడితే ఆ బూజు తర్వాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది. ఎండలో పెడితే టేపు వంకర పోతుంది. గాలి ఆడేచోట నీడన ఆరబెట్టి, మూతికి గుడ్డ కట్టుకుని, అయిదు స్క్రూలు విప్పి, టేపును చేత్తో మెల్లగా తిప్పుతూ మెత్తని గుడ్డతో తుడిచాడు. దానికే ఒక పూట పట్టింది. తుడిచిన రీళ్లను వేరే డబ్బాలో బిగించాడు.

బాపును తీసుకుని మూడో రోజు వెళ్లాను. క్యాసెట్టు పెట్టగానే తెర నిండా ఇసుక రాలినట్టు చుక్కలు. బొమ్మ లేదు. కానీ గొంతు వినిపించింది.

“నీళ్లు లోతున్నయ్. పిల్లను దింపకున్రి.”

బొమ్మను చదివేది తిరిగే హెడ్, శబ్దాన్ని చదివేది కదలకుండా ఉండే హెడ్. టేపు మీద మిగిలిన మడ్డి మొదటిదానికి అడ్డం పడితే రెండోది పనిచేస్తూనే ఉంటుంది. ఆయన ఆ మాట చెబుతూనే మూత తీసి మళ్లీ కాగితం తడిపాడు. ఈసారి బొమ్మ వచ్చింది. ఘాటు మెట్లు, బుడద నీళ్లు, నడుముకు కొంగు చెక్కిన నాయినమ్మ, ఆమె చేయి పట్టుకుని నీళ్లలోకి లాగుతున్న అయిదేళ్ల పిల్ల. ఆ పిల్ల నేనే.

బాపు “ఇంకొక్కసారి ఎనక్కి తిప్పు” అన్నాడు.

“ఇప్పుడొద్దు సారూ. మొదలు కాపీ కానియ్యి” అన్నాడు మెకానిక్, వైర్లు కంప్యూటర్‌కు కలుపుతూ. గంటా పది నిమిషాల టేపు, కాపీ కావడానికీ గంటా పది నిమిషాలే. బాపు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.